ఎవరి దరువుకు ఎవరు నడవాలి

కడపలో ఒక చిన్న సభాభవనంలో ఈ మధ్య జరిగిన కచేరీ ముగిశాక, నేను ఎంతో గౌరవించే ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకులు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నాతో ఒక మాట అన్నారు: "జాజూ చెడింది, జానపదమూ చెడింది." జాజ్ అంటే అమెరికాలో నల్లజాతివారి నుంచి పుట్టిన, వాయిస్తూనే వరసను అప్పటికప్పుడు కల్పించుకునే సంగీతం. ఆ సాయంత్రం వేదిక మీద ప్రొద్దుటూరు యువకుడొకడు సాక్సాఫోన్ వాయించాడు. అతని బెంగళూరు మిత్రులిద్దరిలో ఒకరు బేస్ గిటారు పట్టుకున్నారు, ఇంకొకరు డ్రమ్స్ ముందు కూర్చున్నారు. చేతుల్లో చెక్కలు మోగిస్తూ, వలయంగా తిరుగుతూ ఆడిపాడే చెక్క భజనకు లక్కిరెడ్డిపల్లె వైపు నుంచి వచ్చిన గురువు ఒకాయన తన జట్టులోని ఆరుగురితో కలిసి పాడుతూ ఆడారు. ఆ సాక్సాఫోన్ యువకుణ్ణి నాలుగేళ్ళుగా ఎరుగుదును. కచేరీకి ముందు సాధనలో సగం మా మిద్దె మీదే జరిగింది. కాబట్టి మాస్టారి మాట నాకు సూటిగా తగిలింది, అక్కడికక్కడ సమాధానం చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నుంచి ఆ మాటతో నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. ఆయన సంగీతం తెలియనివారు కారు. అన్నమయ్య పదాల్లోని జాజరలు, ఏలలు, సువ్వి పాటలు, గొబ్బి పాటలు పల్లె నోట పుట్టిన వరసలని మాకు తరగతిలో పాడి చూపించినవారు ఆయనే. అందువల్ల ఆయన అభ్యంతరాన్ని పాతకాలపు పట్టుదలగా తీసిపారేయడం నాకు సాధ్యం కాదు. పైగా అందులో నిజం ఉంది. ఆ సాయంత్రం మొదటి రెండు పాటలు నిజంగానే చెడ్డాయి, మూడో పాట మాత్రం చెడలేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించగా ఆలోచించగా నా అభిప్రాయం ఒక రూపానికి వచ్చింది. ఈ రెండు సంగీతాలు కలవడానికి అడ్డం సంగీతంలో లేదు, ఎవరి దరువుకు ఎవరు నడుస్తున్నారన్న దాంట్లో ఉంది. పాట కింద ఎవరి పేరు పడుతుంది, వచ్చిన డబ్బు ఎలా పంచుకుంటారు, ఆ కుర్రవాడు ఉద్యోగం మానేసి ఈ సంగీతాన్ని నమ్ముకుని బతకగలడా అనే ప్రశ్నలు కూడా నాకు ఈ ఒక్క ప్రశ్న నుంచి పుట్టినవిగానే కనిపిస్తున్నాయి.

బ్యాండుమేళం చదువు

అతడు సాక్సాఫోన్ నేర్చుకున్నది సంగీత కళాశాలలో కాదు. ప్రొద్దుటూరులో వాళ్ళ వీధి చివర ఒక బ్యాండుమేళం పెద్దాయన ఉండేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో క్లారినెట్, తక్కిన నెలల్లో కుట్టుమిషను ఆయన జీవనాధారాలు. పన్నెండేళ్ళ పిల్లవాడి చేతికి ఆయన తన జట్టులో ఎవరో వదిలి వెళ్ళిన పాత సాక్సాఫోన్ ఇచ్చి, సినిమా పాటలను చెవితో పట్టుకోవడం నేర్పాడు. స్వరాలు రాసి ఇవ్వలేదు కానీ ఊరేగింపులో ఒక నియమం నేర్పాడు. పెళ్ళికొడుకు కారు ఆగిందని పాట ఆగకూడదు, అలాగని ఒకే చరణాన్ని ఉన్నదున్నట్టు నాలుగుసార్లు వాయిస్తే జనం నిలబడరు. కాబట్టి కారు కదిలేదాకా ఆ చరణాన్ని తిప్పాలి, విరవాలి, సాగదీయాలి, కారు కదలగానే పల్లవికి వచ్చి కలవాలి. ఇంజనీరింగ్ చదవడానికి బెంగళూరు వెళ్ళిన అతడు అక్కడ తొలిసారి అమెరికా జాజ్ సాక్సాఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ వాయిద్యం విన్నప్పుడు, కారు ఆగినప్పుడు తన పెద్దాయన చేసే పనే ఇక్కడ ఇంకా పెద్దగా, ఇంకా లోతుగా జరుగుతోందని అనిపించిందట. ఈ పోలికను ఎంతదూరం లాగవచ్చో నాకు అనుమానమే. కోల్ట్రేన్ చేసిన స్వరపరిశోధన ఊరేగింపులో పుట్టేది కాదు. అయినా ఒక ప్రొద్దుటూరు పిల్లవాడికి జాజ్‌లోకి దారి చూపింది పెళ్ళి ఊరేగింపేనన్న సంగతి మాత్రం నిజం.

జాజ్ పుట్టిన అమెరికా నగరం న్యూ ఆర్లీన్స్‌లోనూ వీధి ఊరేగింపులకు పెద్ద పాత్ర ఉంది. సైనిక బ్యాండ్లు వాయించే లోహవాయిద్యాలు అక్కడి నల్లజాతి వారి చేతికి వచ్చాయి. శవయాత్రలో శ్మశానం దాకా నెమ్మదైన ప్రార్థనా గీతాన్నీ, తిరుగుదారిలో జోరైన పాటనూ వాయించడం ఆ ఊరి ఆచారం. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ తయారుచేసి 1846లో పేటెంటు పొందిన సాక్సాఫోన్‌కు కూడా తొలి నెలవు సైనిక బ్యాండ్లే. మన వైపు అదే వాయిద్యం సంస్థానాల బ్యాండ్లలో వినిపించింది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని విని మనసు పారేసుకున్న కద్రి గోపాల్‌నాథ్, దాని చేత కర్ణాటక సంగీతంలోని గమకాలు పలికించి, 2008లో అమెరికా సాక్సాఫోన్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి ఒక రికార్డు చేశారు. అంతకుముందే 1983లో చార్లీ మరియానో అనే అమెరికా జాజ్ కళాకారుడు, బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ బృందంతో కలిసి రికార్డు తెచ్చాడు. ఆయన దక్షిణాదిలో నాదస్వరం కూడా నేర్చుకున్నవాడు. ఇంకా వెనక్కి పోతే 1966లో లండన్‌లో జాజ్ సాక్సాఫోన్ కళాకారుడు జో హారియట్, కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్ కలిసి చేసిన ప్రయత్నం ఉంది, 1970లలో గిటారు కళాకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ మన విద్వాంసులతో కలిసి నడిపిన శక్తి బృందం ఉంది.

ఈ జాబితాను చూసినప్పుడల్లా నన్ను ఒక విషయం కలవరపెడుతుంది. మన దేశంలో జాజ్ ప్రధానంగా చేయి కలిపింది శాస్త్రీయ సంగీతంతోనే. శాస్త్రీయ విద్వాంసుడికి పేరుంటుంది, గురుపరంపర ఉంటుంది, తాను వాయించేదాన్ని వివరించి చెప్పే పరిభాష ఉంటుంది. విదేశీ కళాకారుడు వచ్చి అడిగితే రాగమంటే ఇది, తాళమంటే ఇది అని చెప్పగలడు. చెక్క భజన గురువు దగ్గర ఇంత విద్యా ఉంది కానీ అది ఆయన పాదాల్లో ఉంది. అడిగినవారికి ఆయన అడుగు వేసి చూపించగలడే తప్ప పేరు పెట్టి చెప్పలేడు. అందువల్ల ఆయనతో కలవడానికి వచ్చిన వాడు ముందు తన పద్ధతిని ఆయన మీద పెట్టి చూస్తాడు. మా కుర్రవాడూ మొదట ఆ పనే చేశాడు.

క్లిక్

రెండేళ్ళ కిందట అతడు గురువుగారిని బెంగళూరు తీసుకుపోయి ఒక స్టూడియోలో పాట రికార్డు చేయించాడు. స్టూడియోలో అందరూ ఒకే వేగంలో ఉండడానికి చెవిలో గడియారంలా కొట్టుకునే శబ్దాన్ని వినిపిస్తారు, దాన్ని క్లిక్ అంటారు. హెడ్‌ఫోన్లు పెట్టగానే గురువుగారు, "ఈ టిక్కుటిక్కు కొడతాండేది ఎవురు నాయనా, మనిషి యాడా అగపడ్డం లేదే" అని అడిగారట. పదకొండుసార్లు పాడించారు. ప్రతిసారీ ఆయన చరణం చివర ఊపిరి తీసుకోవడానికి నిలిచేవారు, క్లిక్ నిలిచేది కాదు. చివరికి ఆ స్టూడియో కుర్రవాడు ఎంతో ఓర్పుగా ఆయన గొంతును కంప్యూటరులో ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ దరువు మీదకు జరిపి అతికించాడు. నేను ఆ పాట విన్నాను. ప్రతి మాటా పడవలసిన చోటనే పడింది, పాటలో మాత్రం మనిషి లేడు.

చెక్క భజన చూసినవారికి దీని కారణం చెప్పనక్కరలేదు. పాట నడక వేగంలో ఎత్తుకుంటారు, గురువు చెక్కలతో సైగ ఇవ్వగానే అడుగు మారుతుంది, అడుగు మారిన ప్రతిసారీ జోరు ఒక మెట్టు పెరుగుతుంది, ముక్తాయింపుకు వచ్చేసరికి మొదలుపెట్టిన వేగానికి రెట్టింపు దాటుతుంది. ఎంత పెంచాలన్నది ఎలా తెలుస్తుందని ఒకసారి గురువుగారిని అడిగాను. జట్టులో అందరికంటే పెద్దవాడి మోకాళ్ళను చూస్తానని చెప్పారు. ఆ మనిషి ఇంకా తట్టుకోగలడనిపిస్తే పెంచుతారు, లేదనిపిస్తే అక్కడే నాలుగు చుట్లు నిలుపుతారు. ఇంత మానవీయమైన కాలప్రమాణాన్ని నేను ఇంకెక్కడా వినలేదు. దీన్ని నిమిషానికి ఇన్ని దెబ్బలని ఒక అంకెకు కట్టేస్తే మిగిలేది మాటలు మాత్రమే.

శ్రుతి విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ఆయన పాడే గాంధారం, అంటే గ స్వరం, కర్ణాటక సంగీతంలో కిందిదైన సాధారణ గాంధారానికీ పైదైన అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో పలుకుతుంది, ఆవేశం పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. స్టూడియోలో దాన్ని యంత్రంతో సరిచేశారు, అంటే ఒక పక్కకు తోసేశారు. ఇక్కడ నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ సమస్యకు జాజ్‌లో నూరేళ్ళుగా సమాధానం ఉంది. జాజ్‌కు మూలాల్లో ఒకటైన బ్లూస్ పాటలోనూ ఆ స్వరం నడుమనే పలుకుతుంది. పియానో మీద నడుమ మెట్టు లేదు కాబట్టి బ్లూస్ వాయించేవారు పక్కపక్కనున్న రెండు మెట్లనూ కలిపి నొక్కి, చెవికి ఆ నడిమి స్వరం ఉన్నట్టు అనిపింపజేస్తారు. వాయిద్యాన్ని గొంతు దగ్గరికి తీసుకుపోవడం వారి సంప్రదాయమే. ఆ సంప్రదాయాన్ని నేర్చుకున్న కుర్రవాడు స్టూడియోకు వెళ్ళేసరికి గొంతునే వాయిద్యం దగ్గరికి లాగాడు. కాబట్టి ఆ రికార్డులో చెడింది జానపదం మాత్రమే కాదు, జాజ్ కూడా. మాస్టారు అన్న మాట ఆ రికార్డుకు అక్షరాలా వర్తిస్తుంది.

కచేరీ నాడు మొదటి రెండు పాటలకు డ్రమ్స్ వాయించిన మిత్రుడి చెవిలో క్లిక్ ఉంది. మూడో పాటకు ముందు అతడు దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు, కూర్చున్న పీటను వలయం వైపు తిప్పుకున్నాడు. బేస్ గిటారు అబ్బాయి గురువుగారి కుడి మడమను చూస్తూ వాయించాడు. సాక్సాఫోన్ వంతపాట వారితో కలిసి, చరణం చివరి మాటను అందుకుని తిరిగి పలికింది. అడుగు మూడోసారి మారాక గురువుగారు పాడడం ఆపి, చెక్కలు ఎత్తి అతనికి సైగ చేశారు. వలయం తిరుగుతూనే ఉంది, గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. అతడు ఆ వరసను పట్టుకుని కారు ఆగినప్పుడు బ్యాండు పెద్దాయన తిప్పినట్టు తిప్పి, అక్కడి నుంచి తన చదువుకున్న చోట్లకు తీసుకుపోయి, జోరు తగ్గకుండా మళ్ళీ గురువుగారి నోటికి అందించాడు.

వారం తర్వాత మాస్టారి ఇంటికి వెళ్ళి ఈ మూడో పాట సంగతి గుర్తుచేశాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది బాగుంది, నిజమే. కానీ అందులో జాజ్ ఎక్కడుంది? అది చెక్క భజనే కదా. సన్నాయికి బదులు సాక్సాఫోన్ వచ్చింది, అంతే" అన్నారు. నేను ఊహించని అభ్యంతరం ఇది, మొదటిదాని కంటే బలమైనది కూడా. కలయిక కుదిరినప్పుడల్లా ఒక పక్షం కనిపించకుండా పోతుందంటే, ఆ పక్షం కళాకారుడు పదిహేనేళ్ళు చేసిన సాధనకు దక్కేదేమిటి? నాకు తోచిన సమాధానం ఇది. వలయం తిరుగుతుండగా అతడు ఒంటరిగా వాయించిన ఆ రెండు మూడు నిమిషాల్లో ఒక్క స్వరం కూడా ముందుగా అనుకున్నది కాదు, పక్కవాడు ఏం చేస్తే దానికి జవాబుగా పుట్టింది. జాజ్ అంటే నాకు తెలిసింది ఈ పద్ధతే, ఫలానా వాసన కాదు. అయితే మాస్టారికి ఆ వాసన రాకపోవడం వల్ల అది జాజ్‌గా కనిపించలేదు. ఆయన నా మాట ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి ఆయనకు ఇంకో ఆధారం కూడా ఉంది, నేనే ఇచ్చినది. స్వీడన్ పియానో కళాకారుడు యాన్ యోహాన్సన్ 1964లో తన దేశపు జానపద వరసలతో తెచ్చిన రికార్డును ఆయనకు వినిపించింది నేనే. అందులో ఉన్నవి పియానో, డబుల్ బేస్, ఆ రెండే. పాడేవాడు లేడు, ఆడేవాడు లేడు, వరసలు కూడా అచ్చు పుస్తకాల్లోంచి తీసుకున్నవి. అయినా ఆ దేశంలో అంత ఎక్కువగా అమ్ముడైన జాజ్ రికార్డు ఇంకొకటి లేదంటారు. వింటే ఎందుకో తెలుస్తుంది. "ఆయన ఎవరి మడమలను చూశాడు?" అని మాస్టారు అడిగారు.

యోహాన్సన్ రికార్డును నేను తక్కువ చేయలేను, అది నాకు ప్రాణం. ఆ దారి కూడా ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ దేశంలో వరసలను ఊరూరా తిరిగి సేకరించి, అచ్చువేసి, అందరి చేతికీ ఇచ్చిన తర్వాత ఆయన వచ్చాడు. మా జిల్లాలో గురువుగారి దగ్గరున్న అడుగుల్లో ఒక్కటి కూడా కాగితం మీద లేదు. ఆయన్ను వదిలేసి వరసను మాత్రం తీసుకుపోతే, తీసుకుపోయిన వరస సరైనదో కాదో చెప్పేవాడు కూడా మిగలడు.

రచయిత పేరు రాసే గడి

ఆ స్టూడియో పాటను పాటలు వినే యాప్‌లలో పెట్టేటప్పుడు నింపవలసిన పత్రంలో రచయిత, స్వరకర్త అని రెండు గళ్ళు ఉంటాయి. అతడు రెండింటిలోనూ "సాంప్రదాయం" అని రాశాడు. దురుద్దేశం ఏమీ లేదు, అందరూ అలాగే రాస్తారు. ఏడాది తర్వాత మా మిద్దె మీద వక్కాకు వేసుకుంటూ గురువుగారు మాటల మధ్యలో చెప్పారు, ఆ పాటలోని అయిదు చరణాల్లో రెండు తాను కట్టినవేనని. తండ్రి నుంచి వచ్చిన మూడు చరణాలు అడుగు మార్చడానికి చాలకపోతే, వయసులో ఉండగా కరువు పనుల్లో మట్టి మోస్తూ ఆ రెండూ కట్టారట. ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగితే, "మీరు అడగలేదు కదా" అన్నారు.

మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట కట్టినవారి హక్కు వారు బతికున్నంత కాలమూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ నిలుస్తుంది. 2012లో వచ్చిన సవరణ, పాడినవారికీ వాయించినవారికీ తమ పేరు చెప్పించుకునే హక్కును కూడా చేర్చింది. అంటే చట్టం గురువుగారి వైపే ఉంది. "సాంప్రదాయం" అని రాసే అలవాటే ఆయనకు ఎదురు నిలిచింది. రాయలసీమలో పుట్టి పెరిగినవాళ్ళం, ఈ అలవాటు మనల్ని ఎందుకు కలవరపెట్టదో నాకు అర్థం కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారని తేదీతో సహా చెప్పుకుంటాం, ఆయన మీద కథాగేయాలు కట్టి ఊరూరా పాడిన వారిలో ఒక్కరి పేరూ చెప్పలేం. దానికి ముందటి ఏడాదే పేటెంటు పొందిన సాక్సాఫోన్ మాత్రం చేసినవాడి పేరును తన పేరులోనే మోస్తోంది. అన్నమయ్య పదాల రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరాలు లేవు. మన పొరుగు అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఎన్నో పదాలకు స్వరరచన చేశారు. వాటిని ఇప్పటికీ రాళ్ళపల్లివారి బాణీలనే అంటాం, అనాలి కూడా. పండితుడు పాత పాటకు కొత్త వరస కడితే ఆయన పేరు నిలుస్తుంది, భజన గురువు పాత పాటకు కొత్త చరణం కడితే అది సాంప్రదాయంలో కలిసిపోతుంది.

జాజ్ చరిత్ర తెలిసినవాడికి ఈ విషయంలో మరింత మెలకువ ఉండాలి. 1917లో వెలువడిన మొట్టమొదటి జాజ్ రికార్డు చేసినవారు అందరూ తెల్లజాతివారే. ఆ సంగీతాన్ని పుట్టించి పెంచిన న్యూ ఆర్లీన్స్ నల్లజాతి జాజ్ జట్ల వాయిద్యం అప్పటికింకా రికార్డులకు ఎక్కలేదు. ఇది చెప్పినప్పుడు మా కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి వారం ఆ పత్రాన్ని సవరించి గురువుగారి పేరును రచయితల గడిలో రాయించాడు. ఆయన తండ్రి పేరు కూడా అడిగి రాశాడు.

అచ్చారం

ఇక ఉద్యోగం మాట. అతనికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కొలువు ఉంది, ఇంట్లో తల్లి ఉంది, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు ఉంది. మానేయవచ్చా అని నన్ను అడిగాడు. రికార్డుల మీద బతకడం గురించి పెద్దగా చర్చించవలసింది లేదు. పాటలు వినిపించే యాప్ స్పాటిఫై 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లయినా వినని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కకట్టడం లేదు. ఆ గీత దాటిన పాటకైనా వచ్చేది స్వల్పమే. అతని తొలి పాట అన్ని యాప్‌లలోనూ కలిపి సంపాదించినది ఒక సాక్సాఫోన్ రీడ్ల పెట్టె ఖరీదుకు చాలలేదు. బెంగళూరు రెస్టారెంట్లలో వాయిస్తే డబ్బు వస్తుంది కానీ అక్కడ గురువుగారికి చోటు లేదు. మన జిల్లాల్లో జరిగే పెద్ద ఉత్సవాల సంగతి నేను స్వయంగా చూశాను. రాత్రి వేదిక సినిమా గాయకులది, మన భజన జట్లకు ఎండ తగ్గకముందే పది నిమిషాలు.

అందువల్ల నేను అతనితో అన్నది ఇదీ: నీకు విద్య నేర్పిన బ్యాండు పెద్దాయన ఎలా బతికాడో అలా బతుకు. ఊరివాళ్ళు వస్తారు, మాట కుదుర్చుకుంటారు, అచ్చారం, అంటే ముందస్తు డబ్బు, ఇచ్చి పోతారు. చెప్పిన రోజుకు జట్టు వెళుతుంది, భోజనం పెడతారు, మిగిలిన డబ్బు తెల్లవారి లెక్కచూసి ఇస్తారు. చెక్క భజన జట్లు, బ్యాండుమేళాలు, తోలుబొమ్మలాటవారు తరతరాలుగా నడిపిన పద్ధతి ఇది. ఎవరు వింటారో తెలియకుండా యాప్‌లలో వేలసార్లు వినిపించుకోవాలని ఎదురుచూడడం కంటే, నలభై మంది ముందు నిలబడి వారి ముఖాలు చూస్తూ వాయించడం ఈ సంగీతానికి సరిపోతుంది, ఎందుకంటే ఇది ప్రతిసారీ కొత్తగా పుట్టవలసిన సంగీతం. గడిచిన ఏడాది కాలంలో వాళ్ళకు ఎనిమిది పిలుపులు వచ్చాయి. రెండు జాతరలు, ఒక శ్రీరామనవమి, మూడు పెళ్ళిళ్ళు, ఒక పాఠశాల వార్షికోత్సవం, ఈ కచేరీ. జాతరలో ఎవరూ జాజ్ అంటే ఏమిటని అడగలేదు. గాజులమ్ముకునే ఒకామె మాత్రం, "ఆ బూరాయన అట్టా పక్కన నిలబడినాడేమి, అడుగు రాదా?" అని అడిగింది. డబ్బు పంచుకోవడంలో వాళ్ళు భజన జట్టు లెక్కనే పాటిస్తున్నారు: తలకొక పాలు, గురువుకు రెండు పాళ్ళు. కచేరీ ఏర్పాటు చేసినవాడిగా తనకు ఇంకో పాలు రావాలని అతడు అడగలేదు, ఇస్తామన్నా తీసుకోలేదు.

ఎనిమిది పిలుపులతో కుటుంబం నడవదని నాకు తెలుసు. ఆషాఢం వస్తే, మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు, వానలు లేని ఏడాది జాతరలు చిన్నబోతాయి. బ్యాండు పెద్దాయన ఇంట్లో కుట్టుమిషను ఉండడానికి కారణం అదే. కాబట్టి ఉద్యోగం పూర్తిగా మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. వారానికి మూడు రోజుల పనికి ఒప్పుకునే చోటు వెతుక్కోమన్నాను, వెతుకుతున్నాడు. ఆ కుట్టుమిషనును నేను ఓటమిగా చూడడం లేదు.

నన్ను నిజంగా ఆపిన ఆక్షేపణలు రెండు. మొదటిది గురువుగారి నుంచే వచ్చింది. నేను మనిషి లేని పాట అన్న ఆ స్టూడియో రికార్డు ఆయన ఫోనులో ఉంది, కనిపించినవారికల్లా వినిపిస్తారు. ఆయన కొడుకు కువైట్‌లో డ్రైవరు. అయిదేళ్ళుగా ఇంటికి రాలేదు, జాతరకు రాలేదు, వలయంలో తండ్రి పక్కన నిలబడలేదు. ఆ పాటను కారులో పెట్టుకుని వింటున్నానని కొడుకు చెప్పినప్పటి నుంచి గురువుగారికి ఆ రికార్డు మీద ఎవరేమన్నా నచ్చదు. ఈ సంగీతం ఎదుటెదుటే జరగాలని నేను చేసే వాదనలో, ఎదుటికి రాలేనివారికి చోటు లేదు. కడప జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని పల్లె ఎక్కడుందని ఇలాంటి వాదన చేస్తాను? కాబట్టి నా మాటను కొంత సవరించుకుంటున్నాను: రికార్డు ఉండాలి, కానీ అది క్లిక్ లేకుండా, జాతరలోనో మిద్దె మీదనో, ఆడుతుండగా చేసినది కావాలి. గజ్జెల చప్పుడుతో, నడుమ ఎవరో పిల్లవాడు ఏడ్చిన శబ్దంతో సహా.

రెండో ఆక్షేపణకు నా దగ్గర సమాధానం లేదు. జట్టులో తప్పెట కూడా ఉంటే బాగుంటుందని, గురువుగారి పక్క ఊళ్ళో తరతరాలుగా తప్పెట కొట్టే కుటుంబంలోని ఇరవై మూడేళ్ళ యువకుణ్ణి అడగడానికి మేమిద్దరం వెళ్ళాం. అతడు గోడలకు రంగులు వేసే పని చేస్తాడు. మా మాట అంతా ఓపికగా విని, "మా నాయన కొడితే చావుపని, మీరు పక్కన నిలబడి ఊదితే కళ అయితాదా అన్నా?" అన్నాడు. తండ్రి ఎక్కడ నిలబడాలో, ఎక్కడ కూర్చుని తినాలో ఊరు ఎలా నిర్ణయించిందో చెప్పాడు. అచ్చారం ఇచ్చి పిలిచే పద్ధతిని నేను ఇంత గొప్పగా చెప్పుకుంటున్నానే, ఆ పద్ధతిలో అతని కుటుంబానికి వచ్చిన పిలుపు కాదనడానికి వీలులేని పిలుపు. పెళ్ళికి పిలిస్తే బేరమాడే హక్కు బ్యాండుమేళానికి ఉంది, చావుకు పిలిస్తే రానని చెప్పే హక్కు అతని తాతకు లేదు. మేళగాడిలా బతుకు అని ప్రొద్దుటూరు కుర్రవాడికి నేను చెప్పిన సలహా అతనికి కొత్త స్వేచ్ఛ, ఈ యువకుడికి పాత కట్టుబాటు. మేము లేవబోతుంటే అతడు సాక్సాఫోన్ పెట్టె వైపు చూసి, "నాకు అది నేర్పండి. తప్పెట కావాలంటే మీరు నేర్చుకోండి" అన్నాడు.

ఆ మాటలో కోపం ఉందో కోరిక ఉందో అప్పుడు నాకు తెలియలేదు. మా కుర్రవాడు మాత్రం దాన్ని ఉన్నదున్నట్టుగానే తీసుకున్నాడు. ఆ యువకుడు వరుసగా మూడు ఆదివారాలు బస్సెక్కి కడపకు వచ్చాడు. మొదటి రోజు ఊపిరి నిలవలేదు, మూడో వారానికి నాలుగు స్వరాలు నిలకడగా పలికాయి. పట్టే వేళ్ళలో తప్పెట పుల్లల వేగం అప్పుడే కనిపిస్తోంది. నాలుగో ఆదివారం పులివెందులలో రంగుల పని తగిలిందని రాలేదు, ఆ తర్వాతా రాలేదు. తప్పెట నేర్పమని అతని తండ్రిని అడగడం ఇంకా మిగిలే ఉంది. తన దగ్గర నేర్చుకోవడానికి ఎవరైనా వస్తారని ఆయన ఎన్నడూ అనుకుని ఉండడు, నేర్పడానికి ఇష్టపడతాడో లేదో కూడా మాకు తెలియదు. వచ్చే ఆదివారం ఇద్దరం ఆ ఊరికి వెళుతున్నాం. సాక్సాఫోన్ కూడా వెంట తీసుకుపోతున్నాం, ఆ యువకుడు ఇంట్లో ఉంటే అతనికి పాఠం అక్కడే చెప్పవచ్చునని.